బస్రా రాతి మీద మనవాళ్ల పేర్లు లేవు

కువైట్ సిటీ నుంచి ఉత్తరం వైపు అబ్దలీ రోడ్డు పట్టుకుని పోతే చివర్లో ఇరాక్ సరిహద్దు వస్తుంది. అబ్దలీ తోటల్లో పని చేసే మన కడప, రాయచోటి సోదరులకు ఆ దారి కొత్త కాదు. గేటు దాటితే అటు పక్క సఫ్వాన్ ఊరు, ఇంకొంచెం పోతే బస్రా పట్నం. కువైట్ సిటీ నుంచి లెక్క వేసుకుంటే 130 కిలోమీటర్లకు అటూ ఇటూ. మన లెక్కలో చెప్పాలంటే హైదరాబాదు నుంచి సూర్యాపేట అంత దూరం.

ఆ బస్రా నుంచి నాసిరియా వెళ్లే రోడ్డులో, 32 కిలోమీటర్ల దగ్గర, ఎడారి మధ్యలో పొడవాటి రాతి మంటపం ఒకటుంది. దాన్ని బస్రా స్మారకం అంటారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ నేల మీద చనిపోయి, సమాధి ఎక్కడుందో కూడా తెలియని 40,500 మందికి పైగా మనుషుల కోసం దాన్ని కట్టారు. వాళ్లలో ఎక్కువమంది మన దేశం వాళ్లే. అయితే 1929లో ఆ మంటపాన్ని ఆవిష్కరించినప్పుడు రాతి మీద తెల్ల సిపాయిల పేర్లు ఉన్నాయి, ఇండియన్ ఆఫీసర్ల పేర్లు ఉన్నాయి. మామూలు ఇండియన్ సిపాయి పేరు మాత్రం లేదు. అతని పటాలం పేరు రాసి, పక్కన ఇంతమంది అని అంకె వేశారు. అంతే.

ఆగస్టు 15న, జనవరి 26న మన క్యాంపుల్లో జెండా ఫొటోలు పెట్టుకుంటాం, జవాన్ల గురించి మాట్లాడుకుంటాం. సైనికుడు అనగానే మనకు సియాచిన్ మంచు, కార్గిల్ కొండలు, గల్వాన్ లోయ గుర్తుకొస్తాయి. మనం రోజూ తొక్కుతున్న ఈ ఇసుకలోనే మన దేశపు జవాన్లు వేల సంఖ్యలో కలిసిపోయారని ఎంతమందికి తెలుసు? ఈ వారం వాళ్ల గురించి చెప్పాలనుకున్నాం.

సగం మంది మనలాంటి కూలీలే

1914 నవంబరులో ఇండియా నుంచి ఓడల్లో వచ్చిన సైన్యం ఫావ్ దగ్గర దిగి, అదే నెలలో బస్రాను పట్టుకుంది. బ్రిటిష్ వాళ్లకు అప్పుడు ముఖ్యమైంది పక్కనే ఉన్న అబాదాన్ చమురు శుద్ధి కర్మాగారం. అంటే అప్పుడూ గొడవ చమురు దగ్గరే మొదలైంది! ఎదుట ఉన్నది టర్కీ సైన్యం. ఇప్పుడు మనం ఇరాక్ అంటున్న ప్రాంతాన్ని అప్పట్లో మెసపొటేమియా అనేవారు. యుద్ధం ముగిసేలోగా ఇండియా నుంచి ఇక్కడికి వచ్చినవాళ్లు దాదాపు 5 లక్షల 90 వేల మంది.

ఇందులో ఒక సంగతి మనం ప్రత్యేకంగా గమనించాలి. ఆ 5 లక్షల 90 వేలలో తుపాకీ పట్టినవాళ్లు సగమే. మిగిలిన సగం, అంటే 2 లక్షల 93 వేల మంది, యుద్ధం చేయడానికి వచ్చినవాళ్లు కారు. రేవులో బస్తాలు మోసినవాళ్లు, రోడ్లు వేసినవాళ్లు, రైలు పట్టాలు పరిచినవాళ్లు, కంచర గాడిదలను తోలినవాళ్లు, వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు, గాయపడినవాళ్లను డోలీల్లో మోసుకొచ్చినవాళ్లు, పాయిఖానాలు కడిగినవాళ్లు. సైన్యం రికార్డుల్లో వీళ్లను 'ఫాలోవర్లు' అన్నారు, వెంట వచ్చినవాళ్లని. కూలీలు చాలక 1916 నుంచి ఇండియా జైళ్లలోని ఖైదీలను కూడా పట్టుకొచ్చారు. అక్కడ పని చేస్తే మిగిలిన శిక్ష మాఫీ అని చెప్పి ఓడ ఎక్కించారు. 'జైల్ లేబర్ కోర్' అని దానికి పేరు.

మన వైపు నుంచి మద్రాసు శాపర్స్ వచ్చారు. తమిళులు, తెలుగువాళ్లు, మిగతా దక్షిణాదివాళ్లు కలిసి ఉన్న పటాలం అది. వంతెనలు కట్టడం, దారులు వేయడం, కందకాలు తవ్వడం వాళ్ల పని. ఇప్పటి మాటల్లో సైట్ పని అనుకోండి, కాకపోతే తుపాకీ గుళ్ల మధ్యన. 1917 ఫిబ్రవరిలో షుమ్రాన్ వంపు దగ్గర టైగ్రిస్ నది దాటేటప్పుడు పడవల్లో సైనికులను అవతలికి చేర్చడంలో, పడవల వంతెన వేయడంలో ఈ శాపర్లు ముందున్నారు. అది అయ్యాకే మార్చి 11న బాగ్దాద్ చేతికి వచ్చింది. తెలంగాణ పాఠకుల కోసం ఇంకో మాట. నిజాం సంస్థానం నుంచి హైదరాబాద్ లాన్సర్స్ గుర్రపు దళం ఈజిప్టు, పాలస్తీనా వైపు పోయింది. ఢిల్లీలో తీన్ మూర్తి చౌక్ అంటారే, అక్కడి మూడు విగ్రహాల్లో ఒకటి ఆ హైదరాబాద్ దళానిది. మిగతా రెండూ జోధ్‌పూర్, మైసూరు దళాలవి.

'తెల్లదొర కోసం పోయి చచ్చినవాళ్లు, వాళ్లను మనం తలుచుకోవడం ఏమిటి?' అని మాతో వాదించిన మిత్రులున్నారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. ఆ యుద్ధం మనది కాదు, దాని లాభం మనకు రాలేదు. అయితే ఆ సిపాయికి 1914లో నెలకు 11 రూపాయల జీతం. ఇంటి దగ్గర పంట లేదు, అప్పుంది, ఊరి పెద్ద పంపించాడు, ఓడ ఎక్కాడు. మనం ఏజెంటుకు డబ్బు కట్టి విమానం ఎక్కిన కథకూ దానికీ ఎంత తేడా ఉంది? మా దృష్టిలో, ఎవరి కోసం పోయాడన్నది పంపినవాడిని నిలదీయాల్సిన ప్రశ్న. పోయినవాడి పేరు చెరిపేయడానికి అది కారణం కాదు.

పంపారు, తిండి మరిచారు

సైనికుడికి అండగా నిలవడం అంటే మొదట కడుపుకు తిండి, గాయానికి మందు. మెసపొటేమియాలో ఆ రెండూ సరిగ్గా జరగలేదు. 1915 నవంబరులో బాగ్దాద్‌కు దగ్గర్లో టెసిఫాన్ అనే చోట పెద్ద యుద్ధం జరిగింది. గాయపడినవాళ్లను స్ప్రింగులు కూడా లేని సామాను బండ్లలో వేసి నది దాకా తెచ్చారు. విరిగిన కాళ్లతో ఆ కుదుపుల్లో ఎంత నరకం పడ్డారో ఊహించుకోవచ్చు. అక్కడ నుంచి పడవల్లో రోజుల తరబడి ప్రయాణం. పడవ మీద పరుపుల్లేవు, చూసే దిక్కు లేదు, విరేచనాలు పట్టినవాళ్లు కదలలేక అక్కడే పడి ఉన్నారు. బస్రాలో ఆ పడవను ఎదురుచూస్తున్న కార్టర్ అనే డాక్టరు దూరం నుంచి చూసి పక్కలకు తాళ్లు వేలాడుతున్నాయేమో అనుకున్నాడట. దగ్గరకు వచ్చాక తెలిసింది అవి తాళ్లు కావు, మనుషుల మలమని.

ఆ డాక్టరు చూసింది చూసినట్టు పైకి రాశాడు. రాసినందుకు పెద్ద అధికారులు అతన్నే కసిరారు, ఉద్యోగం పోతుందని బెదిరించారు. ఆఖరికి లండన్‌లో విచారణ కమిషన్ వేయక తప్పలేదు. 1917లో దాని నివేదిక బయటికి వచ్చాక ఇండియా వ్యవహారాల మంత్రి ఆస్టిన్ చాంబర్లేన్ రాజీనామా చేశాడు. ఉన్నది ఉన్నట్టు రాసిన మనిషి ఒక్కడుంటే ఎంత పని జరుగుతుందో చూడండి.

టెసిఫాన్ నుంచి వెనక్కి వచ్చిన సైన్యం కూత్ అనే చిన్న ఊళ్లో చిక్కుకుపోయింది. టర్కీ సైన్యం చుట్టూ దిగింది. 1915 డిసెంబరు 7 నుంచి 1916 ఏప్రిల్ 29 దాకా ఆ ముట్టడి సాగింది. లోపల తిండి రోజురోజుకూ తగ్గింది. గుర్రాలను కోసి మాంసం పంచారు. మన సిపాయిల్లో చాలామంది మతం ఒప్పదని ముట్టుకోలేదు. తినొచ్చని మత పెద్దల చేత ఇండియా నుంచి వైర్‌లెస్ కబురు తెప్పించాల్సి వచ్చింది. ఊరికి తెలిస్తే కులం నుంచి వెలివేస్తారేమో, పిల్లల పెళ్లిళ్లు ఆగిపోతాయేమో అన్న భయం అంత దూరంలో, అంత ఆకలిలో కూడా వాళ్లను వదల్లేదు. కూరగాయలు లేక చిగుళ్ల నుంచి రక్తం కారే స్కర్వీ జబ్బు వచ్చింది. ఆకాశం నుంచి విమానాల్లో పిండి బస్తాలు వదిలారు. ప్రపంచంలో అలా సైన్యానికి ఆహారం జారవిడిచిన మొదటి ప్రయత్నాల్లో అదొకటి. కానీ ఏడెనిమిది టన్నులు వేలాది కడుపులకు ఏ మూలకు? 270 టన్నుల సరుకుతో జుల్నార్ అనే స్టీమరు చీకట్లో బయలుదేరితే టర్కీ వాళ్లు దారిలోనే పట్టేసుకున్నారు. లోపల ఉన్నవాళ్లను విడిపించడానికి బయటి నుంచి వచ్చిన సైన్యంలో చచ్చిపోయినవాళ్లు, గాయపడినవాళ్లు కలిపి 23 వేల మంది.

చివరకు దాదాపు 13 వేల మంది లొంగిపోయారు. వాళ్లలో ఎక్కువ భాగం ఇండియన్లు, సిపాయిలూ కూలీలూ కలిసి. సేనాపతి టౌన్‌షెండ్‌ను ఇస్తాంబుల్ తీసుకుపోయి మంచి బంగళాలో పెట్టారు. సిపాయిలను ఎండలో ఎడారి దాటించి నడిపించారు. నడవలేనివాడు దారిలోనే ఆగిపోయాడు. మిగిలిన ఇండియన్లలో చాలామందిని రాస్ అల్ ఐన్ దగ్గర రైలు మార్గం పనికి పెట్టారు. తుపాకీ పట్టి వచ్చినవాడు చివరికి లేబర్ క్యాంపులో తేలాడు. వేలమంది తిరిగి రాలేదు. ఇప్పుడు బస్రా మంటపం మీద అంకెలుగా ఉన్నవాళ్లలో వీళ్లూ ఉన్నారు.

పేరు ఎందుకు రాయలేదు?

చనిపోయిన సైనికులకు గుర్తు కట్టడానికి 1917లో బ్రిటన్‌లో ఇంపీరియల్ వార్ గ్రేవ్స్ కమిషన్ పెట్టారు. దాని మొదటి నియమమే సమానత్వం. హోదా, జాతి, మతం చూడకుండా ప్రతి మనిషినీ పేరుతో గుర్తు పెట్టుకోవాలి అన్నారు. ఫ్రాన్స్‌లో ఆ మాట చాలావరకు నిలబెట్టుకున్నారు. అక్కడ నవ్ షపెల్ అనే చోట 1927లో కట్టిన స్మారకం మీద 4,700 మందికి పైగా ఇండియన్ల పేర్లు చెక్కి ఉన్నాయి. యూరప్‌లో నలుగురూ చూసే చోట పేర్లు చెక్కి, ఎడారికి వచ్చేసరికి అంకెలు వేశారు. రెండు చోట్లా చనిపోయింది ఒకే సైన్యం మనుషులు. ఖర్చు ఎక్కువ, చదివేవాళ్లెవరు, వాళ్ల ఆచారంలో సమాధులు లేవు కదా, ఇలాంటి సాకులు ఆ రోజుల్లో చాలా చెప్పుకున్నారు.

వందేళ్ల తర్వాత గానీ తప్పు ఒప్పుకోలేదు. ఇప్పుడు దాని పేరు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్. 2021 ఏప్రిల్‌లో అది తన పాత రికార్డులు తానే తవ్వి ఒక నివేదిక ఇచ్చింది. ఆసియా, ఆఫ్రికా వాళ్లలో 45 వేల నుంచి 54 వేల మందికి సమానమైన గుర్తింపు ఇవ్వలేదని, ఇంకా కనీసం 1,16,000 మందికి, బహుశా మూడున్నర లక్షల మందికి కూడా, పేరుతో గుర్తింపు గానీ అసలు ఏ గుర్తింపూ గానీ లేదని అందులో ఉంది. కమిషన్ క్షమాపణ చెప్పింది. బ్రిటన్ రక్షణ మంత్రి పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. మంచిదే. వినవలసిన భార్యలూ పిల్లలూ మాత్రం అప్పటికే పోయారు.

బస్రా మంటపం కథ అక్కడితో అయిపోలేదు. మొదట అది షత్ అల్ అరబ్ నది ఒడ్డున మాకిల్ రేవు దగ్గర ఉండేది. 1997లో సద్దాం హుస్సేన్ ప్రభుత్వం దాన్ని విప్పి, రాయి రాయి తెచ్చి ఇప్పుడున్న ఎడారిలో మళ్లీ నిలబెట్టింది. ఆ తర్వాత అక్కడే యుద్ధాలు జరిగాయి. బస్రా శ్మశానంలో సమాధుల పరిస్థితి ఇంకోలా ఉంది. నేలలోని ఉప్పు రాళ్లను తినేస్తోందని 1935లోనే తలరాళ్లు పీకేసి, పేర్లను ఒక గోడ మీదికి మార్చారు. ఈ నేల ఉప్పు ఎలాంటిదో మన తాపీ మేస్త్రీలను అడగండి, చెబుతారు.

మన ఊళ్ల వైపు చూస్తే, యుద్ధం అయ్యాక సర్కారు చాలా గ్రామాల్లో పాలరాతి పలకలు పెట్టించింది. ఈ ఊరి నుంచి ఇంతమంది మహా యుద్ధానికి వెళ్లారు, వారిలో ఇంతమంది ప్రాణాలిచ్చారు అని వాటి మీద ఉంటుంది. అక్కడా అంకెలే, పేర్లు లేవు. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది, అందరూ మిలిటరీ మాధవరం అంటారు. ఆ ఊరి నుంచి మొదటి యుద్ధానికి 90 మంది, రెండో యుద్ధానికి వెయ్యి మందికి పైగా వెళ్లారని పత్రికల్లో వచ్చింది. ఇప్పటికీ అక్కడ ఇంటికొక సైనికుడు కనిపిస్తాడు. ఊరివాళ్లు యుద్ధ స్మారకాన్ని కాపాడుకుంటున్నారు, సుబేదారు, హవల్దారు అన్న మాటలను ఇంటి పేర్లలా వాడుకుంటున్నారు. ఊరే గుర్తు పెట్టుకుంటే సర్కారు మరిచినా పేరు నిలుస్తుందనడానికి ఈ ఊరే సాక్ష్యం.

ఇప్పుడు పేరు ఉంది, ఇంటికి అండ ఉందా?

స్వతంత్ర భారతంలో చనిపోయిన సైనికులకు ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం రావడానికి 2019 ఫిబ్రవరి 25 దాకా ఆగాల్సి వచ్చింది. ఆలస్యమైనా పని సరిగ్గా చేశారు. ఆ రోజుకే 25,942 పేర్లు గ్రానైటు పలకల మీద ఉన్నాయి. జనరల్ అయినా సిపాయి అయినా ఒకే సైజు పలక, దాని మీద పేరు, హోదా, పటాలం. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో చనిపోయిన 20 మందిలో మన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు ఉన్నారు. 16 బిహార్ పటాలానికి ఆయనే కమాండింగ్ ఆఫీసరు. తర్వాత మహావీర చక్ర ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి సూర్యాపేటలో విగ్రహం పెట్టారు.

పాత యుద్ధాల్లో చనిపోయినవాళ్లకు చాలావరకు సరిహద్దులోనే దహనం జరిగిపోయేది. 1999 కార్గిల్ యుద్ధం నుంచి జవాను శవాన్ని సొంత ఊరికి పంపడం ఆనవాయితీ అయింది. 2021 డిసెంబరు 8న కూనూరు దగ్గర హెలికాప్టర్ కూలి జనరల్ బిపిన్ రావత్‌తో పాటు మరణించిన లాన్స్ నాయక్ సాయితేజది అప్పటి చిత్తూరు జిల్లా కురబలకోట మండలం. గుర్తు పట్టడానికి డీఎన్ఏ పరీక్ష చేయాల్సి వచ్చింది. ఊరు నాలుగు రోజులు ఎదురు చూసింది. ఇక్కడ క్యాంపులో ఎవరైనా పోతే పెట్టె ఇల్లు చేరేదాకా ఇంటివాళ్లు ఎలా గడుపుతారో మనకు చెప్పక్కర్లేదు.

2025 మేలో సరిహద్దు కాల్పుల్లో చనిపోయిన మురళీ నాయక్‌ది సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లితండా. అగ్నివీరుగా చేరిన కుర్రాడు. అమ్మానాన్నలు బతుకుతెరువు కోసం ముంబై వెళ్లి కూలి పని చేసుకున్నవాళ్లు. వలస కూలీ కొడుకే సరిహద్దులో నిలబడ్డాడు. మన పాఠకుల్లోనూ ఒక అన్న ఇక్కడ, తమ్ముడు ఆర్మీలో ఉన్న కుటుంబాలు తక్కువేం కాదు.

అలాంటి ఇళ్లవాళ్లు తెలుసుకోవాల్సింది ఒకటుంది. రెగ్యులర్ జవాను యుద్ధంలో చనిపోతే భార్యకు ఆఖరి జీతంతో సమానంగా పెన్షన్ వస్తుంది. అగ్నివీరు చనిపోతే ఇంటివాళ్లకు పెన్షన్ లేదు. 48 లక్షల బీమా, విధి నిర్వహణలో పోతే 44 లక్షల ఎక్స్‌గ్రేషియా, సేవా నిధి, మిగిలిన కాలానికి జీతం ఉంటాయి. డబ్బు ఒకేసారి చేతికొస్తుంది, తర్వాత నెలనెలా ఏమీ రాదు. అందుకని తమ్ముడితో మాట్లాడేటప్పుడు నామినీ ఎవరని రాశాడో, అమ్మ పేరు మీద బ్యాంకు ఖాతా ఉందో లేదో అడగండి. అది అశుభం మాట కాదు. ఇంట్లో ఎవరూ అడగరు కాబట్టే మనం అడగాలి. కష్టం వస్తే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంటుంది, అక్కడికి పోవాలి.

డబ్బు సాయం చేయాలనుకునేవారు జాగ్రత్త. డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినం, 1949 నుంచి జరుపుతున్నారు. ఆ నిధికి కేంద్రీయ సైనిక్ బోర్డు ద్వారా నేరుగా ఇవ్వొచ్చు. అయితే క్యాంపులో డబ్బా పట్టుకుని రూము రూముకీ తిరగకండి. యూఏఈలో 2021 నాటి చట్టం ప్రకారం అనుమతి లేకుండా చందాలు వసూలు చేయడం నేరం. మంచి పనికే కదా అంటే పోలీసులు వినరు. ఎవరి సాయం వారు తమ ఖాతా నుంచి పంపడమే క్షేమం. అమరుడి ఫొటో పెట్టి ఎవరిదో ఫోన్ నంబరుకు డబ్బు వేయమని మెసేజీ వస్తే వెంటనే వేయకండి.

డబ్బు లేనివారు మాట పంపండి. సరిహద్దులోని జవానుకు ఊరి చిరునామా ఉండదు, పటాలం పేరు, 56 ఏపీఓ అనో 99 ఏపీఓ అనో ఉంటుంది. మనకు క్యాంపు పేరు, పీఓ బాక్స్ ఉన్నట్టు. కార్గిల్‌లో 1999 జూన్ 28న మరణించిన హైదరాబాదీ మేజర్ పద్మపాణి ఆచార్య అంతకు తొమ్మిది రోజుల ముందు తండ్రికి ఉత్తరం రాశారు. గర్భవతి అయిన భార్యకు రోజూ ఒక భారత కథ చెప్పమని అందులో కోరారు. ఆ ఉత్తరం ఇంట్లో భద్రంగా ఉంది కాబట్టే మనకు తెలిసింది. ఆయనకు మరణానంతరం మహావీర చక్ర వచ్చింది.

మళ్లీ బస్రా మాటకొస్తే, ఆ అంకెల వెనక పేర్లు వెతకడానికి రెండు దార్లున్నాయి. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి ఉచితంగా వెతకవచ్చు. కొన్ని పేర్లకు తండ్రి పేరు, ఊరు కూడా ఉంటాయి. తెల్లవాళ్లు రాసిన స్పెల్లింగు కాబట్టి రెండు మూడు రకాలుగా కొట్టి చూడాలి.

రెండోది మన ఇళ్లలోనే ఉంది. ఆ యుద్ధానికి వెళ్లినవాళ్లకు తర్వాత ఒక పతకం ఇచ్చారు. సిపాయికి వెండిది, కూలీకి కంచుది. అక్కడా తేడా చూపించారు, అది వేరే సంగతి. కానీ ఆ పతకం అంచు చుట్టూ, చాలా సన్నని అక్షరాలతో, నంబరూ పేరూ పటాలమూ కొట్టి ఉంటాయి. రాతి మీద రాయని పేరు ఆ అంచు మీద ఉంది. ఈసారి సెలవుకు ఊరెళ్లినప్పుడు తాతల నాటి ట్రంకు పెట్టె తెరవండి, దేవుడి గూట్లో చూడండి, పెద్దవాళ్లను అడగండి. బిళ్ల దొరికితే చింతపండు పెట్టి రుద్దకండి, అక్షరాలు అరిగిపోతాయి. వెలుతురులో పెట్టి అంచును ఫొటో తీసి, ఊరి పేరుతో మాకు పంపండి. ఆ పేరు ఈ పేజీలోనే వేస్తాం.